నడుము వంచడం నేర్పిన డాక్టరమ్మ

మా పెద్దవాడు నడుము వంచాడు! ఈ ఉదయం గులాబీ తోటలో వంగి కలుపు పీకి, ఎవరి చేయీ పట్టుకోకుండా లేచాడు. దేవుడా, ఎంత సంతోషమో! ఈ మాట మొదట వినాల్సిన మనిషి మాత్రం లేదు. వాడికి వ్యాయామాలు నేర్పిన డాక్టరమ్మ పోయిన వారం గుండెపోటుతో వెళ్లిపోయింది. హోసూరులో ఆమె క్లినిక్కు తలుపు మూసి ఉంటే, పక్క టీకొట్టాయన "అమ్మ లేదప్పా, పోయింది" అన్నాడు. నేనూ మావాడూ క్లినిక్కు మెట్టు మీదే కూర్చున్నాం.

రెండేళ్లుగా తెల్లవారితే వాడి నడుము కొయ్య. మా డెంకణికోట నుంచి హోసూరుకు బస్సెక్కి, దిగి నేనూ అరిగిపోయాను.

ఆమె దగ్గరికి పోవడం ఆలస్యమైంది నా వల్లే. నేను కాళ్లు ముందుగా పుట్టినవాణ్ణి. అలాంటివాళ్లు కాలు తాకిస్తే నడుము పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. ఊళ్లో ఎందరికో తాకించాను. కొడుక్కీ తాకించాను. తగ్గకపోతే పని మానిపించి, నెలల తరబడి మంచాన పడుకోబెట్టాను. నడుము మరీ బిగిసింది.

సిగ్గుపడుతూ ఇది చెబితే డాక్టరమ్మ పకపకా నవ్వింది.

"మీ కాలికి అంత పవరుంటే నేను క్లినిక్కు యాల పెడ్తానప్పా? ఇంక కాలెత్తొద్దు. అన్నను పండుకోబెట్టొద్దు, కదలనీండి."

చున్నీ నడుముకు బిగించి ముందు తానే చాప మీద పడుకునేది. మోకాళ్లు రొమ్ముకు తెచ్చుకోవడం, పిల్లిలా వీపు పైకెత్తడం, అన్నీ చేసి చూపేది. మావాడు ఎనిమిదో లెక్కకు మూలిగితే, తమిళంలో మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది.

"తగ్గల్యా, ఇంక నేను రాను" అని వాడు ఒకరోజు విసుక్కున్నాడు.

"రావద్దులేన్నా. మీ తోటలో కలుపు ఏనుగులొచ్చి పీకుతాయి."

వాడికీ నవ్వొచ్చింది. అప్పుడే మెల్లగా అంది: "ఎండిన తోలువారును ఒకేసారి వంచితే పగులుతాది. దినామూ రవ్వంత వంచల్ల."

దినామూ రవ్వంతే వంచాడు. ఒక్క వారం ముందు వంగి ఉంటే ఆమె చూసేది.

ఇక ఈ కబురు అందరికీ చెప్పాలి. కృష్ణగిరిలో పెద్దమ్మాయికి, అల్లుడికి. మూకండపల్లిలో బావమరిదికి. మంచం దిగొద్దని వాణ్ణి బెదిరించిన మా చిన్నక్కకు. చివరిగా, చుట్టం కాకపోయినా, డాక్టరమ్మ కన్నతల్లికి. ఆమెకు ఫోనులో చెప్పను. మావాణ్ణి తీసుకుపోతాను. వాడే వంగి ఆమె కాళ్లు ముట్టుకుంటాడు.