తోసేవాళ్ళు అక్కర్లేని బండి

నిన్న తెల్లారి పాలు పొయ్యి మీద పెట్టానో లేదో, మావయ్య ఫోన్.

"తాతయ్య లేరమ్మా."

లేరంటే? ఎక్కడికెళ్ళారు అని అడిగాను. నిజంగానే అడిగాను.

తొంభై ఎనిమిదేళ్ళ మనిషి పోతే షాక్ ఏంటి అనకండి. మొన్న సాయంత్రం ఫోన్లో నా స్కూటీ చప్పుడు విని "ప్లగ్ తీసి తుడవ్వే, దగ్గుతోంది" అని కేకలేసిన మనిషి ఆయన.

ఒక మాట ముందే చెప్తున్నా. నిన్నటి నుంచి ఫ్యామిలీ గ్రూప్‌లో "పాపం, ఆ కాలితో ఎన్ని కష్టాలు పడ్డారో" అని మెసేజ్‌లు. ఈ పోస్ట్ కింద ఎవరైనా "పాపం" అని కామెంట్ పెడితే డిలీట్ చేస్తా. పెద్దవాళ్ళయినా సరే.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా.

మాది బందరు, చిలకలపూడి. రోల్డ్ గోల్డ్ నగలు చేసే ఇల్లు. తాతయ్యకి పసితనంలో జ్వరం వచ్చి ఎడమకాలు చచ్చుబడిపోయింది. అన్నలు సైకిళ్ళకి నగల పెట్టెలు కట్టుకుని గుడివాడ, అవనిగడ్డ తిరిగి అమ్మి వచ్చేవాళ్ళు. ఈయన మాత్రం ఇంట్లో పనిపీట ముందు కూర్చోవాలి. ఏ పెళ్ళికో వెళ్ళాలంటే ఎవరో ఒకరు వీపున ఎక్కించుకోవాలి.

మీసాలొచ్చిన కుర్రాడిని!

"నేనూ ఊళ్ళు తిరిగి అమ్ముతాను" అంటే వాళ్ళ నాన్న "నిన్నెవడు మోస్తాడ్రా?" అన్నారట.

అంతే. తనకి తానే మోటార్ సైకిల్ చేసుకుంటానని పట్టుబట్టారు, పెరటి వసారా కాస్తా వర్క్‌షాప్ అయిపోయింది.

యుద్ధం అప్పుడే ముగిసిన రోజులు. మిలిటరీ వాళ్ళు పారేసిన చిన్న ఇంజిన్ ఒకటి, చక్రాలు, చెయిను బెజవాడ తుక్కు కొట్టు నుంచి తెప్పించుకున్నారు. మిగతాదంతా ఇంట్లోనే చేశారు. నీళ్ళ గొట్టాల్లో ఇసుక దట్టించి, కొలిమిలో కాల్చి, వంచి ఫ్రేమ్ కట్టారు. ఇసుక లేకపోతే వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోతుందట. పెట్రోల్ ట్యాంకు రేకుని నగల రేకులాగే చిన్న సుత్తితో కొట్టి కొట్టి తీర్చారు.

తీరా చూస్తే కిక్ కొట్టడం ఎలా? కుడికాలితో కొట్టాలంటే ఆ చచ్చుబడ్డ ఎడమకాలి మీద నిలబడాలి కదా.

"ఎవరో ఒకళ్ళం తోస్తాంలేరా" అన్నారు అన్నలు.

"తోసేవాడుంటేగానీ కదలని బండి నాకెందుకు? దానికంటే మీ వీపులే నయం" అన్నారట తాతయ్య.

కిక్ పీకేసి, సీట్లో కూర్చునే చేత్తో లాగే పొడుగాటి మీట పెట్టారు. గేరు చేతికి, బ్రేకు కుడికాలికి. ఆగినప్పుడు కుడిపాదం నేలకి పూర్తిగా ఆనేలా సీటు బాగా కిందకి దించారు.

ఇప్పుడు దాన్ని "కస్టమ్ బిల్డ్" అంటారట. మా కజిన్ చెప్పాడు.

మొదటిసారి గుడివాడ బయల్దేరారు. పెడన దాకా బ్రహ్మాండం. పెడన నడివీధిలో సైలెన్సర్ గొట్టం ఊడి కింద పడింది.

ఎందుకో తెలుసా? గాజులకి వేసే టంకంతో అతికారు! అతుకు కనపడకూడదని. నగలవాళ్ళ బుద్ధి ఎక్కడికి పోతుంది? ఇంజిన్ వేడికి అది కాస్తా కరిగిపోయింది.

తుపాకులు పేలినట్టు మోత. గేదెలు పలుపులు తెంచుకుని పరుగు. జనం ఒకటే నవ్వు, "రోల్డ్ గోల్డ్ బండి" అని. ఆఖరికి బండినీ ఆయన్నీ కలిపి ఎడ్లబండిలో వేసి ఇంటికి తెచ్చారు.

వాళ్ళ నాన్న గుమ్మంలోనే అందుకున్నారు. "అయిందా సరదా? ఇక పీట దగ్గర కూర్చో."

"ఊడింది గొట్టం నాన్నా. నేను కాదు."

మర్నాడే ఇత్తడితో అతికారు. లావుగా, వంకరగా. చిన్నప్పుడు నేను చేత్తో తడిమి చూశాను. అంత వికారమైన అతుకు మా ఇంట్లో ఇంకోటి లేదు. ఆయనకి మాత్రం దాన్ని చూపించడమంటే మహా ఇష్టం.

ఈసారి గుడివాడ వెళ్ళారు, అమ్మారు, వచ్చారు.

తర్వాత దివిసీమ. అప్పటికి అక్కడ కృష్ణ మీద వంతెన లేదు. పడవలో దాటాలి. రేవులో పడవవాడు ఈయన చేతికర్ర చూసి వంగి, "రండి బాబూ, ఎత్తుకుని ఎక్కిస్తాను" అన్నాడట.

"బండిని ఎత్తవయ్యా. నేను ఎక్కుతాను."

బురదలో దేక్కుంటూ వెళ్ళి, పడవ అంచు పట్టుకుని ఎక్కారు. ఆ బురద పంచెతోనే అవనిగడ్డ బజార్లో దిగి, పెట్టె ఖాళీ చేసుకుని వచ్చారు.

పోయినేడు ఆస్పత్రిలోనూ ఇదే గొడవ. నర్సమ్మ వీల్‌చైర్ తెస్తే "దీన్ని తోసేదెవరు?" అని అడిగారు. "నేనేనండి" అంది. "అయితే తీసుకుపో తల్లీ." గోడ పట్టుకుని నడిచారు. డాక్టర్ గారు వెయిట్ చేశారు. చెయ్యనీండి.

ఈ మనిషినా మీరు "పాపం" అంటున్నారు?

ఇవాళ పొద్దున పాడె సిద్ధమయ్యాక ఆ నలుగురూ ఎవరెవరని చర్చ. తాతయ్య ఎప్పుడో తేల్చేశారు. "చచ్చాక మోసుకోండ్రా, అప్పుడు నాకేం తెలీదు. బతికుండగా మాత్రం ఒక్కడు చెయ్యి వెయ్యడానికి వీల్లేదు."

నేను వెళ్ళి ముందు వైపు పట్టుకున్నాను.

"ఆడపిల్లలు పాడె పట్టకూడదమ్మా" అన్నారు. ఒకరు కాదు, చాలామంది అన్నారు. వదల్లేదు. చివరికి మావయ్యే "పట్టుకోనివ్వండి, అది ఆయన మనవరాలు" అని పక్కకి జరిగాడు.

భుజం ఇంకా నొప్పిగానే ఉంది. ఎంత బక్కగా ఉండేవారో మీకందరికీ తెలుసు. అయినా బరువుగా ఉన్నారు. ఇన్నేళ్ళూ ఆ బరువుని ఎవరి మీదా పెట్టకుండా ఆయనొక్కరే మోసుకున్నారు.

వెళ్ళిరండి తాతయ్యా. మీ పోట్లాటలు ఇక మేం చూసుకుంటాం. మీరు హాయిగా ఉండండి.