గడ్డలోని మార్పు మంచిదే అన్నారు

మా అన్న వాకాడు దగ్గర సముద్రంలో వేటకు పోయేవాడు. ఒకరోజు పడవలోనే మూర్ఛ వచ్చి పడిపోతే తోటివాళ్లు ఒడ్డుకు చేర్చారు. నెల్లూరులో స్కాన్ తీసి మెదడులో గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ చేసి, తీసిన ముక్కలో కొంత జన్యు పరీక్షకు చెన్నై పంపారు. గడ్డ నిదానంగా పెరిగేదో, తొందరగా పెరిగేదో అందులో తెలుస్తుందట.

మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ చదివి, గడ్డ జన్యువులో ఒక మార్పు ఉందని, అది ఉండటం మంచిదేనని అన్నారు. అలాంటి గడ్డ నిదానంగా పెరుగుతుందట, మందుకు లొంగుతుందట. వదిన ఊపిరి పీల్చుకుంది. నాకు నమ్మకం కుదరలేదు. జన్యువు మారిపోవడం మంచిదెలా అవుతుంది? మా మొహాలు చూసి ఏదో దాస్తున్నారనుకున్నాను.

ఇంటికొచ్చి ఆ కాగితాన్ని అక్షరం అక్షరం చదివాను. అన్నకు నలభై ఆరేళ్లు. అందులో అరవై నాలుగు అని ఉంది. ఇది ఇంకెవరిదో అయితే, మా అన్న రిపోర్టు ఎవరి చేతిలో ఉన్నట్టు?

వదినకు చెప్పకుండా మర్నాడు ఒక్కదాన్నే నెల్లూరు వెళ్లాను. వయసు ఎక్కించడంలో పొరపాటు జరిగిందన్నారు డాక్టరమ్మ.

“ఒకటి తప్పయితే రెండోది ఒప్పని నేనెట్ట నమ్మేది మేడం?”

ఆవిడ కోప్పడలేదు. కింద ల్యాబుకు తీసుకెళ్లి, అన్న గడ్డ ముక్కను పొదిగిన మైనపు దిమ్మ చూపించారు. దాని మీది నంబరూ, ఆపరేషన్ కాగితాల్లోదీ, రిపోర్టులోదీ ఒకటే. అయినా నేను కదల్లేదు. చివరికి అదే దిమ్మలోంచి పల్చటి పొర కోయించి, అక్కడే రంగు పరీక్ష చేయిస్తామన్నారు.

వారం తర్వాత నన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. గాజుపలక నిండా గోధుమరంగు.

“ఆ రంగు పట్టిందంటే మార్పు ఉన్నట్టే. ఎన్నేళ్లు బతుకుతాడని మాత్రం ఇది చెప్పదు. అది నన్నడగొద్దు,” అన్నారు డాక్టరమ్మ.

ఆ మాటతోనే ఆవిణ్ణి నమ్మాను.

రేడియేషన్, మాత్రలు అయ్యి ఇప్పటికి రెండేళ్లు. అన్న పడవెక్కకూడదు, రేవులో చేపలు వేరుచేస్తాడు. మొన్న చేతిలో చేప పట్టుకుని, దాని పేరు రాక ఆగిపోయాడు. నేను చూస్తున్నది గమనించాడు.

“అట్ట చూడమాక. పేరు గుర్తుకు తెచ్చుకుంటుండా, అంతే.”

కాసేపటికి, “చందువ,” అన్నాడు.