బాడ్మింటన్ కోర్టులో పాతకాలపు చర్చి

ఇంగ్లండు గడ్డ మీద ఏనాడూ కాలు పెట్టని నెల్లూరు జువాలజీ లెక్చరరుకు, ఆరేడు వందల ఏళ్ళ నాటి ఇంగ్లీషు పల్లెటూరి చర్చిల మీద అంత పిచ్చి ఎందుకు పట్టుకుంది? ఆయన సంఘంలోనే పాటలు పాడే గ్రేసమ్మకు ఈనాటికీ అంతుపట్టలేదు. పిచ్చి మాత్రం ముదిరిందే. దేవపాల్ గారికి ఏ రేకుల షెడ్డు చూసినా రాతి స్తంభాలూ రంగుటద్దాల కిటికీలూ కనిపించేవి.

రిటైరై, దేశం దాటి న్యూ లిన్‌లో కూతురి దగ్గరికి వచ్చాక, ఆదివారాలు నగరానికి ఆ కొసనున్న మనురేవాలో తెలుగువాళ్ళు ఆరాధనకు అద్దెకు తీసుకున్న హాలుకు రావడం మొదలుపెట్టారాయన. మిగతా రోజుల్లో అక్కడ షటిల్ ఆడతారు. వచ్చిన రోజే నేల మీది తెల్లగీత దగ్గర ఆగిపోయారు.

"పాస్టరు గారూ, ఇదే హద్దు. ఇక్కడ చెక్క తెర ఉండాలి. అవతల మీరు, ఇవతల మేము."

"అది షటిల్ గీతండీ," అన్నాడు కమిటీ పెద్ద జనార్దన్.

"ఏడు వందల ఏళ్ళు వెనక్కెళ్ళి చూడు నాయనా. షటిల్ ఎక్కడుంది?"

వంటగది కిటికీలోంచి ఆంటీలు బిర్యానీ అందిస్తుంటే, "ఇలాంటి కిటికీ బయటే అంటురోగులు నిలబడి ఆరాధన చూసేవారు," అని వరసలో ఉన్నవాళ్ళకు వివరించారు. ఆ వారం బిర్యానీ మిగిలిపోయింది.

బాప్తిస్మపు నీళ్ళ తొట్టికి చెక్క మూత చేసి, తాళం బిగించారు.

"మంత్రగాళ్ళు నీళ్ళెత్తుకుపోతారని అప్పట్లో వేసేవారు."

"మనురేవాలో మంత్రగాళ్ళెవరండీ?"

"వచ్చాక ఏడవడం కంటే నయం కదా!"

సంఘంలోని లవ్లీ కొడుకు ఈతన్ బాప్తిస్మం రోజున తాళంచెవి న్యూ లిన్‌లో ఉండిపోయింది. ఆయన వెళ్ళి తెచ్చేసరికి బిడ్డ నిద్రపోయి, లేచి, పాలు తాగి, మళ్ళీ నిద్రపోయాడు. పాస్టరు గారు కూడా.

అన్నిటికన్నా భయం ఆయన వీడ్కోలు. "ఆ కాలంలో పెళ్ళిళ్ళూ బేరాలూ తగాదాలూ అన్నీ చర్చి వాకిట్లోనే. గబగబా పోయేవాళ్ళే కారు," అంటూ హాలు వాకిట్లో గొడుగులు పెట్టుకునే చోట నిలబడి, ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని ఆపేవారు. తెలిసినవాళ్ళు వంటగది వెనక తలుపు గుండా జారుకునేవారు.

హాల్లో పాట ఎత్తుకునేది గ్రేసమ్మ. రెస్ట్ హోము ఉద్యోగంలో ముసలివాళ్ళను లేపి కూర్చోబెట్టీ కూర్చోబెట్టీ ఆవిడ మోకాళ్ళే అరిగిపోయాయి. పాట మధ్యలో గోడ పట్టుకోవడం జనార్దన్ కంట పడింది.

"కుర్చీ వేసుకోండి ఆంటీ."

"అందరూ నిలబడితే నేను కూర్చుని పాడటమా? గొంతు లేస్తుందా?"

"అయితే ఈస్టరు నుంచి సీడీ పెట్టేద్దాం. మీకూ రెస్టు."

రెస్టట! వారం మొత్తంలో ఆవిడకు ఊపిరాడేదే ఆ కాసేపు.

ఈ గొడవేదీ పట్టనట్టు దేవపాల్ గారు కొలత టేపు పట్టుకొచ్చారు.

"గ్రేసమ్మగారూ, ఆ గోడకు ఆనుకుని నిలబడండి. ఆ కాలపు ఆడవాళ్ళ ఎత్తు లెక్క కడుతున్నాను."

"నేనేమైనా ఆ కాలందాన్నా?" అని విసుక్కుంటూనే నిలబడింది.

ఈస్టరు ఉదయం హాల్లో ఒక చెక్క ఆసనం వెలిసింది. ఎత్తైన వీపు, మడతపెట్టే పీట. జనార్దన్ నెత్తి పట్టుకున్నాడు.

"ఇదొక్కటేంటండీ?"

"చరిత్ర ప్రకారం ఎడమ చివర ఒకటి చాలు."

"ఏ చరిత్ర?"

"నువ్వు చదవని చరిత్ర."

ఎడమ చివర గ్రేసమ్మ నిలబడే చోటు. అందరూ పాటకు లేవగానే ఆయన పీట పైకి మడిచారు. అడుగున అరచేయంత చెక్క అంచు.

"గంటలకొద్దీ నిలబడలేని ముసలి గురువులు దీని మీద ఆనుకునేవారు. చూసేవాళ్ళకు నిలబడ్డట్టే ఉంటుంది," అని గొణిగి పక్కకు తప్పుకున్నారు.

ఆవిడ ఆనుకుంది. కొలిచి చేసినట్టు సరిపోయింది. కొలిచే చేశారని అప్పుడు వెలిగింది. మోకాళ్ళ బరువు దిగిపోయి, చివరి చరణం దాకా ఆవిడ గొంతు రేకుల కప్పును మోగించింది. సీడీ జనార్దన్ సంచిలోనే ఉండిపోయింది. ఆ అంచు కింద చెక్కిన గొర్రెకు అచ్చం అతని మీసమే ఉందన్న సంగతి, పాపం, అతనికింకా తెలియదు.

ఆరాధన ముగిశాక గ్రేసమ్మ వాకిట్లోకి నడిచింది. ఎంతసేపైనా సరే, ఇవాళ ఆయన ఉపన్యాసం మొత్తం వినడానికి సిద్ధపడే వెళ్ళింది. వాకిట్లో గొడుగులు తప్ప ఎవరూ లేరు. వంటగది వెనక తలుపు ఇంకా ఊగుతోంది. అవతల దేవపాల్ గారి కారు రోడ్డెక్కుతోంది.