గట్టు లేని నీళ్ళు

కుంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చిన మరుసటి ఏడు, సంక్రాంతితో మొదలయ్యే తై నెల ఆఖరి గురువారం, ఉడుమలైపేట దగ్గరి మా ఊరినుండి బండి కట్టుకొని సముద్రం చూడటానికి బయలుదేరాము. అది శుక్రవారమని మా అన్న అంటాడు. శుక్రవారం మా ఇంట ఎద్దుల మెడమీద కాడి పెట్టరు, కనుక గురువారమే. పైగా ఆయన రానే లేదు.

బండిలో మా అవ్వ, అమ్మ, తొమ్మిదేళ్ళ నేను. నాయన గుర్రం మీద ముందు పోయేవాడు. ప్రయాణమంతా అవ్వకోసమే. ఆమెకు ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోదానికీ పొర కమ్ముతోంది, మళ్ళీ తై నెలకు ఏమీ కనిపించదని వైద్యుడు చెప్పాడు. మా తాత వయసులో ఉన్నప్పుడు ఎద్దులమీద ఉప్పు తేవడానికి తీరానికి పోయేవాడు. ఆ నీళ్ళకు అవతలి గట్టు ఉండదని ఆయన చెపితే అవ్వ నమ్మలేదు. గట్టు లేకుంటే నీళ్ళు ఎట్లా నిలుస్తాయని ఆయన పోయేదాకా వాదించింది. చూపు ఉండగానే ఆ సంగతి తేల్చుకోవాలని ఆమె పట్టు.

పళని దాకా కొండల అంచున అడవిదారి. ఏనుగుల భయానికి ఆ దారిన పోయే బళ్ళన్నీ కలిసి నడిచేవి. పొద్దు వాలకముందే ఆగి, ఎద్దులను విప్పి, చుట్టూ నెగళ్ళు వేసేవారు. అమ్మ మూడు రాళ్ళు పెట్టి రాగిసంగటి కెలికేది. ఆ పొగవాసన కలిసిన సంగటి రుచి తరువాత ఏ పొయ్యిమీదా నాకు దొరకలేదు. బండి కింద పరిచిన గడ్డిమీద అవ్వ పక్కన కూర్చుని అడవిని ఆమెకు చెప్పడం నా పని.

"ఏముండాది, చెప్పమ్మీ."

"నెమళ్ళు, అవ్వా. రెండు."

"ఇందాక మూడంటివే."

"ఒకటి పోయె."

"పోతే పోయిందని చెప్పల్ల. నేను ఇంకా మూడనే అనుకుంటుండా."

మదురలో మా పాత బండివాడికి జ్వరం తగిలింది. అతణ్ణి చుట్టాల ఇంట దింపి, నాయన ఒక తమిళ బండివాణ్ణి కుదిర్చాడు. మంచివాడే, కాని చేతిలో ముల్లుకర్ర ఉండేది. రామనాథపురం దాకా గట్టి బాట కనుక ఇబ్బంది రాలేదు. అక్కడినుండి సముద్రపు ఒడ్డునున్న దేవీపట్టణం పోయే దారి అంతా ఇసుక. చక్రాలు దిగబడ్డాయి. బండివాడు దిగి వెనకనుండి పొడిచాడు. కుడివైపున్న వలపటెద్దు పడుకుంది. దాన్ని చూసి ఎడమవైపు దాపటిదీ పడుకుంది.

"ఇవి ఎద్దులు కావు సామీ, కొత్తల్లుళ్ళు. కాళ్ళు కడిగితేగాని లేవవు" అని అతను తమిళంలో అన్నాడు.

నాయన నవ్వలేదు. "తిరిగిపోదాం అమ్మా. ఎద్దులు చెడితే ఊరు చేరేది లేదు. వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడు నువ్వు చూస్తువులే" అంది అవ్వ. తరువాత నన్నడిగింది: "వాడు యాడ నిలబడి తోలుతుండాడు?"

"వెనక, అవ్వా."

అవ్వ బండి దిగింది. మా ఇళ్ళల్లో కోడెలకు కాడి మరిపేది, అంటే అలవాటు చేసేది, ఆడవాళ్ళే. పిడికిట పత్తిగింజలు పట్టుకొని ముందు నడుస్తారు, కోడెలు ఆ చేతి వెంట వస్తాయి. కర్ర చూపరు. పాత బండివాడు కూడా కష్టమైన చోట దిగి వాటి ముందు నడిచేవాడు. ఎప్పుడూ గుర్రంమీద ముందు పోయే నాయన ఇది గమనించనే లేదు.

"ఆ కర్ర లోపల పెట్టమను. వీటికి కాడి మరిపింది నేను."

"నీకు దారి కనపడదమ్మా."

"దారి ఇది చూస్తుంది" అని నా చెయ్యి పట్టుకుంది.

రెండింటి గంగడోళ్ళూ నిమిరి, ఇంట్లో పిలిచినట్టే పిలిచి, పిడికిలి మూసి ముందుకు చాచింది. దాపటిది లేచింది. కాసేపటికి రెండోదీ లేచింది. బండివాడు చక్రానికి భుజం పెట్టి తోస్తూ అడిగాడు: "ఆ పిడికిట్లో ఏముందమ్మా?"

"ఏమీ లేదు. వాటికి చెప్పబాకు."

ఎండ ఉండగానే తీరం చేరాము. ఆ తరువాత కీళక్కరై, మండపం కూడా చూశాము, కాని అవి నా జ్ఞాపకంలో ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. దేవీపట్టణం మాత్రం కలవలేదు. అల వచ్చి చీరంచు తడిపినా అవ్వ కదలలేదు. నొసటిమీద చెయ్యి అడ్డం పెట్టుకొని, చేను చూసినట్టు ఈ కొసనుండి ఆ కొసదాకా మెల్లగా చూసింది.

"అమ్మీ, అవతల ఏమన్నా కనపడుతుండాదా?"

"లేదవ్వా. ఆకాశం దాకా నీళ్ళే."

"నాకూ అంతే."

నొసటిమీది చెయ్యి దించింది. "ముసలాయన నిజమే చెప్పినాడు. ఎన్నేండ్లు పోట్లాడితినో" అంది.

అమ్మ చీర మార్చుకొమ్మంటే వినలేదు. తడి అంచుతోనే బండి దగ్గరికి నడిచి, పత్తిగింజల సంచీ విప్పించింది. వలపటిదానికొక పిడికెడు, దాపటిదానికొక పిడికెడు తన చేత్తోనే తినిపించింది.