ఉమ్ సఖర్ కింద పెట్టిన కప్పు

కరక్ పట్టణ చరిత్రను రెండు యుగాలుగా విభజించాలి: ఉమ్ సఖర్ కాఫీ కప్పు కింద పెట్టకముందు, పెట్టిన తరువాత. కొండమీద కోట కట్టినవాళ్లూ, దాన్ని ముట్టడించినవాళ్లూ నన్ను మన్నించాలి. వాళ్ల వల్ల మా ఊరికి రాళ్లు మిగిలాయి. కప్పు వల్ల యువజన కేంద్రం మిగిలింది.

ఆ మహత్తర ఘట్టానికి వేదిక, దాణా వ్యాపారి అబూ ఆయద్ ఇంటి ముందుగది. బడిలో భూగోళం చెప్పి రిటైరైన ఇంతిసార్, అంటే పెద్దకొడుకు సఖర్ పేరుమీద ఊరంతా ఉమ్ సఖర్, సఖర్ తల్లి, అని పిలిచే ఆవిడ, కోట కింది సందులో కేంద్రం తెరిచిన కొత్త రోజులవి. తుంటి విరిగి మంచం పట్టిన అబూ ఆయద్ తల్లిని పలకరించి పోదామని వెళ్లింది. అబూ ఆయద్ యాలకుల కాఫీ పోసి అందించాడు. ఆమె అందుకుని, కప్పు నేలమీద పెట్టి, తుంటి సంగతి అడగసాగింది.

మా దగ్గర కాఫీ తాగకుండా కప్పు కింద పెట్టడం సామాన్యమైన పని కాదు. పిల్లనడగడానికి వచ్చినవాళ్లు పెడతారు. రెండు కుటుంబాల పగ చల్లార్చడానికి వచ్చిన పెద్దలు పెడతారు. వచ్చిన పని చేసిపెడతానని ఇంటాయన నోటితో చెప్పేదాకా దాన్ని ముట్టరు. ముట్టకుండా లేచి వెళ్లారంటే ఆ ఇంటాయన నాలుగు రోజులు బజారుకు రాలేడు. అబూ ఆయద్‌కు చెమటలు పట్టాయి. ఈవిడకు ఏం కావాలి? దేవుడి దయవల్ల ఆమె మాటల మధ్య, కేంద్రంలో పిల్లలచేత ఫుట్‌బాల్ ఆడించేవాడు దొరకడం లేదని అంది.

"కాఫీ తాగండి, ఉమ్ సఖర్. మీరొచ్చిన పని అయిపోయింది. మా చిన్నబ్బాయి మిష్అల్‌ను తీసుకుపోండి," అన్నాడు అబూ ఆయద్.

ఏ పని అయిపోయిందో ఆమెకే తెలియదు. అయినా చేతికందిన వాలంటీరును వద్దనే తత్వం కాదు. కప్పెత్తి పెదవులకు తాకించి, మిష్అల్‌ను వెంటబెట్టుకుని వెళ్లింది. పెరట్లో మేకను కడుగుతున్నవాడు తడిచేతులతోనే సమాజసేవలో దిగాడు.

ఆ తరువాత ఉమ్ సఖర్ జైత్రయాత్ర సాగింది. ఎక్కడికెళ్లినా కప్పు కింద పెట్టేది, కిటికీలోంచి బయటికి చూసేది. సున్నం వేసే మేస్త్రీ కేంద్రం గోడలకు రంగు వేశాడు. కూతురిని గడప దాటనివ్వని బడి పంతులుగారు ఆ కూతురు రుదైనాను చిన్నపిల్లల బొమ్మల తరగతికి పంపారు. ఆమె గుమ్మంలో కనిపిస్తే కాఫీ దాచేసి, పళ్లరసం పోసే ఇళ్లు కూడా తయారయ్యాయి.

పోగుచేసిన వాలంటీర్లను ఆమె నడిపే పద్ధతి కూడా వేరు. ఎవరినీ కేకలేసేది కాదు. ఆలస్యంగా వచ్చినవాడు ఎందుకు ఆలస్యమైందో తన తరగతి పిల్లలకే నిలబడి చెప్పుకోవాలి. ఏడేళ్ల పిల్లల ముందు అబద్ధం నిలవదు. "మొన్న కూడా టైరు పంక్చరేనా అన్నా?" అని అడుగుతారు, పైగా ఏ టైరో చెప్పమంటారు.

ఆ పిల్లలకు మిష్అల్ అంటే ప్రాణం. అతనికీ కేంద్రం తప్ప వేరే లోకం లేదు. అలాంటివాణ్ని ఉమ్ సఖర్ గత వేసవిలో తీసిపారేసింది.

జరిగింది ఇది. పిల్లలను బస్సులో లోయకు విహారానికి తీసుకెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావాలి. దారిలో మిష్అల్ మేనమామ పొలం ఉంది. అప్పుడే పుట్టిన ఒంటెపిల్లను చూపించి వచ్చేద్దామని బస్సు ఆపించాడు. మేనమామ బస్సెడు అతిథులను చూశాడు. గొర్రెను కోశాడు. మజ్జిగ పులుసులో మాంసం ఉడికి, అన్నంమీదికి చేరి, పిల్లలు చేతులు కడుక్కునేసరికి పొద్దువాలింది. ఇక్కడ కేంద్రం గేటు దగ్గర తల్లులందరూ ఏడుస్తూ నిలబడ్డారు. పిల్లలు దిగి, ఇంట్లో వండింది మాకొద్దు అన్నారు. తల్లులు అసలు నేరం కంటే ఈ రెండోదాన్నే క్షమించలేకపోయారు.

మేనమామ మాట ఎలా కాదనగలనని మిష్అల్ అడిగాడు. నిజమే, మా ఊళ్లో ఎవడూ కాదనలేడు. కాదనలేనప్పుడు బస్సు ఆపకూడదని ఉమ్ సఖర్ అంది. ఇదీ నిజమే. మిష్అల్ ఇంట్లో కూర్చుని మేకను రోజూ కడగడం మొదలుపెట్టాడు. పిల్లల వేసవి ముగింపు నాటకం దగ్గరపడింది. మిష్అల్ అన్న లేకపోతే తాము సింహాలం కామని సింహాలు ప్రకటించాయి.

అప్పుడు రుదైనా బుర్ర పనిచేసింది. ఉమ్ సఖర్‌ను వాలంటీర్లు ఖాల్తీ, అంటే పిన్ని, అని పిలుస్తారు. ఖాల్తీ మనందరినీ కప్పుతోనే కొట్టింది కదా, ఆమెను కప్పుతోనే కొడదాం అంది. వాలంటీర్లందరూ ఇస్త్రీ బట్టలు వేసుకుని, పెద్దదిక్కుగా హాజీ ఫవ్వాజ్‌ను ముందు నడిపించుకుని ఉమ్ సఖర్ ఇంటికి రాయబారం వెళ్లారు. ఊళ్లో ఏ రాయబారమైనా హాజీ నోటిమీదుగానే జరగాలి. ఆయనకు రెండే ప్రసంగాలు వచ్చు, ఒకటి పెళ్లిదీ, ఇంకొకటి హత్యదీ. ఈ సందర్భానికి రెండోదే దగ్గరగా ఉందని ఆయన నిర్ణయించారు.

ఉమ్ సఖర్ అందరికీ కాఫీ పోసింది. హాజీ కప్పు కింద పెట్టారు. వరసగా అందరూ పెట్టారు. చిందిన రక్తం గురించీ, చేయి చాచిన క్షమ గురించీ, మన పూర్వీకుల ఔదార్యం గురించీ హాజీ గంభీరంగా మాట్లాడారు. రక్తం ఎవరిదని ఎవరూ అడగలేదు. గొర్రెదని అనుకున్నారు.

ఉమ్ సఖర్ అంతా విని, తనకూ ఒక కప్పు పోసుకుని, నేలమీద పెట్టింది.

ఇంటివాళ్లు కూడా కప్పు పెడితే ఏం చేయాలో మన పూర్వీకులు చెప్పి పోలేదు.

"ఇదేం పద్ధతమ్మా? అడగడానికొచ్చింది మేం కదా," అన్నారు హాజీ.

"నాకూ అడిగేదుంది హాజీ. మిష్అల్ పిల్లల ముందు నిలబడి జరిగింది చెప్పుకోవాలి. వాళ్లు సరేనంటే నాకూ సరే. కానీ వచ్చే ఏడు వీళ్లందరినీ రుదైనా చూసుకోవాలి. మూడుసార్లు అడిగాను, నావల్ల కాదంది."

రుదైనా ముఖం పాలిపోయింది. "ఖాల్తీ, ఇది అన్యాయం. వీళ్లు నా మాట వింటారా?"

"నీ మాటమీదే కదే వీళ్లంతా ఇస్త్రీ బట్టలేసుకుని నా ఇంటిమీదికొచ్చారు."

కప్పుల్లో ఆవిరి తగ్గిపోతోంది. హాజీ పొద్దున్నించి కాఫీ ముట్టలేదు. రాయబారం రోజున అది ఆయన నియమం. నుదురు పట్టుకుని రుదైనా వైపు తిరిగారు.

"ఒప్పుకో తల్లీ. నలభై ఏళ్లుగా రక్తాలు కడిగాను. ఈ తలనొప్పి ఎప్పుడూ రాలేదు."

రుదైనా ఒప్పుకుంది. వచ్చినవాళ్లందరూ చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగారు. మర్నాడు మిష్అల్ పిల్లల ముందు నిలబడి అంతా చెప్పాడు. ఒంటెపిల్ల పేరేమిటని తప్ప వాళ్లు ఇంకేమీ అడగలేదు. నాటకంలో సింహాలు గర్జించాయి. అందులో ఒకటి తల్లిని చూసి చెయ్యి ఊపింది.

రాయబారం నాడు మాత్రం, అందరూ వెళ్లాక కప్పులు కడగడానికి రుదైనా ఉండిపోయింది. కొత్త నాయకురాలికి కప్పు రహస్యం తెలియాలి కదా. అన్ని కప్పులూ ఖాళీగా ఉన్నాయి. ఒక్కటి నిండుగా ఉంది.

"ఖాల్తీ, అడిగింది దొరికింది కదా, ఇంకా తాగలేదేం? ఇంకేం కావాలి నీకు?"

ఉమ్ సఖర్ అప్పటికే పొయ్యిమీద టీ పెడుతోంది. కాఫీ తాగితే ఆమెకు మొదటినుంచీ కడుపులో మంట.