మెడ కింద చెయ్యి

మొన్న మా ఎదురింటి కోడలికి థైరాయిడ్ ఆపరేషన్ అయిందంటే చూసి రావడానికి హైదరాబాదు వెళ్ళాను. నేను గదిలోకి అడుగుపెట్టిన సమయానికి నర్సు మంచం పక్కనున్న మీట నొక్కింది. తలవైపు సగం చప్పుడు లేకుండా లేచింది, ఆ పిల్ల ఫోను చూసుకుంటూనే పడవలో పోతున్నట్టు మెల్లగా పైకి వచ్చి కూర్చుంది. తీసుకుపోయిన బత్తాయిలు చేతిలోనే పట్టుకుని ఆ మంచం వంకే చూస్తూ ఉండిపోయాను. తెలియకుండానే నా వేళ్ళు గొంతు కిందికి పోయాయి. అక్కడ నాకూ ఒక సన్నని గీత ఉంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో మాట అది. మాది కోస్గి వైపు నేత కుటుంబం. గొంతులో గడ్డ నిమ్మకాయంత ఉన్నప్పుడు నేను పట్టించుకోలేదు. మన ఈడు ఆడవాళ్ళం ఒంట్లో ఏ బాధ వచ్చినా రేపు చూద్దామనుకోవడమే గాని మరొకటి నేర్చుకున్నామా? పడుకుంటే ఊపిరి ఆడని దాకా వచ్చాక, పాలమూరు డాక్టరమ్మ కోసి తీయక తప్పదంది. కొడుకు దూరాన కొలువులో ఉన్నాడు, బిడ్డకు నెలలు నిండాయి. ఆడవాళ్ళ గదిలో మగవాళ్ళు ఉండకూడదన్నారు. తోడు ఎవరుంటారని మా ఆయన అరుగు మీద తల పట్టుకుని కూర్చుంటే, పక్కింటి తలుపు తెరుచుకుని మా యారాలు చేతిసంచితో వచ్చి నిలబడింది. ఆమెను ఎవరూ పిలవలేదు.

యారాలంటే మా బావగారి భార్య, నాకన్నా ఆరేళ్ళు పెద్ద, పుట్టిల్లు మక్తల్. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నా చెయ్యి పట్టుకుని మగ్గం గుంటలోకి దింపి, పాదం ఎక్కడ ఆనించాలో చూపించిన మనిషి. బావగారు పోయాక ఒక్కతే నేసుకుంటూ బతికేది. మా బిడ్డను నాకన్నా ఎక్కువగా చంకనేసుకుని తిరిగింది. ఆ బిడ్డ పెండ్లికి పసుపు దంచే వేళ, అలవాటుగా రోకలి అందుకోబోయిన ఆమెతో, నలుగురు ముత్తయిదువలు చూస్తుండగా నేనే అన్నాను, "నువ్వు జర పక్కకుండక్కా" అని. ఆమె రోకలిని పసిపిల్లను పడుకోబెట్టినట్టు కింద పెట్టి ఇంటికి పోయింది.

ఆ తరువాత నాలుగేళ్ళు మా మధ్య మాట లేదు. నడుమ ఉన్నది ఒక్క గోడే. అవతల ఆమె మగ్గం చప్పుడు వినిపిస్తుంటే నా మగ్గమూ నడిచేది, అది ఆగిన పూట నా కాళ్ళూ ఆడేవి కావు. అయినా పోయి ఏమైందక్కా అని అడగడానికి నాకు మొహం చెల్లేది కాదు.

పాలమూరు దాకా బస్సులో ముగ్గురం మాట్లాడకుండానే పోయాము. నన్ను లోపలికి తీసుకుపోయేటప్పుడు ఆమె తలుపు దగ్గర నిలబడి ఉంది. ఇప్పుడైనా చెబుదామనుకుని, వచ్చాక చెప్పొచ్చులే అనుకుని, కళ్ళు దించుకుని పోయాను.

మెలకువ వచ్చేసరికి నాకు గొంతు లేదు. నోరు తెరిస్తే ఉత్త గాలి. మాట నరం అలసిపోయింది, గొంతు తిరిగి రావచ్చు, ఎప్పుడని మాత్రం చెప్పలేనంది డాక్టరమ్మ. నర్సమ్మ మా యారాలికి నన్ను ఎట్లా ఉంచాలో వివరంగా చెప్పింది. చదునుగా పడుకోబెట్టకూడదట, తలా వీపూ సగం లేచి ఉంటేనే వాపు దిగి ఊపిరి తేలికగా ఆడుతుందట. మెడ వెనక్కి వాలకూడదు, గబుక్కున పక్కకు తిరగకూడదు. లేపేటప్పుడు మెడ కింద చెయ్యి పెట్టి తలనూ ఒంటినీ కలిపి ఒక్కటిగా లేపాలి.

అంతా విని మా యారాలు, "మగ్గానికి పడుగు ఎత్తినట్టన్నమాట, పోగు తెగొద్దు" అంది.

నర్సమ్మ నవ్వి, "ఔనవ్వా, గట్లనే" అంది.

మాకు ఇచ్చింది మామూలు ఇనుప మంచం. రెండు దిండ్లు చాలక, తెచ్చుకున్న చీరలూ దుప్పటీ చుట్టలు చుట్టి వీపు వెనక మెట్లలా పేర్చింది. అవి జారిపోతుంటే చివరకు తానే మంచమెక్కి, గోడకు ఆనుకుని కూర్చుని, నన్ను తన గుండెకు ఆనించుకుంది.

ఆ అయిదు రోజులూ నాకు కలలాగే గుర్తున్నాయి. మందుల మత్తు, పరదాలోంచి పలుచగా దిగే మధ్యాహ్నపు ఎండ, ఆమె చీరలోంచి వచ్చే గంజి వాసన, నా వీపుకు తగిలే ఆమె ఊపిరి. మంచం మీద ఉన్నానో, కొత్త కోడలినై మగ్గం ముందున్నానో తెలిసేది కాదు. ఆమె మాట్లాడుతూనే ఉండేది. పెరట్లో మునగ కొమ్మ విరిగిందట, మేక రెండు పిల్లల్ని ఈనిందట, ఎడమ కన్ను మసకబారుతోందట. నాలుగేళ్ళ ముచ్చట్లు. నేను వేలితో ఆమె చేతి మీద తట్టేదాన్ని, అదే నా ఊకొట్టడం. పెండ్లి మాట ఆమె ఎత్తలేదు.

మూడో నాడు నా వేళ్ళ కొసలకు తిమ్మిరెక్కింది. నేను తట్టడం మానేసి వేళ్ళు రుద్దుకుంటున్నానని పట్టుకున్నది ఆమే. పరుగున పోయి నర్సమ్మను పిలుచుకొచ్చింది. ఒంట్లో కాల్షియం తగ్గిందని సూదిమందు ఇచ్చారు.

అయిదో నాటి పొద్దున నన్ను లేపడానికి మెడ కింద చెయ్యి పెట్టి ఆమె ముందుకు వంగింది. ఆమె ముఖం జానెడు దూరంలోకి వచ్చింది. ఎట్లా వచ్చిందో గాని, ఎండుటాకు నలిగినట్టు నా గొంతు పలికింది.

"తప్పైందక్కా."

ఆమె చెయ్యి ఆగింది గాని, తీయలేదు. 

"గా ముచ్చట ఇప్పుడెందుకే? ఏడిస్తే కుట్లు గుంజుతయి. తల నిటారుగ పెట్టు" అంది. అని, తానే ఏడ్చింది. కన్నీళ్ళు తుడవబోతే మెడ కదిలిందని నన్ను మళ్ళీ కసిరింది.

ఆ నెలలోనే మనుమరాలు పుట్టింది. ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేసేటప్పుడు పిల్లను మొదట మా యారాలి చేతుల్లోనే పెట్టాను. ఎవరో గొణిగారు. "మా అక్క చేతులతోనే ఎయ్యాలె" అన్నాను. గొంతు బొంగురుగానే ఉంది గాని అందరికీ వినిపించింది.

ఇప్పుడు మా వీధిలో మగ్గాలు చాలా వరకు మూగబోయాయి. చూపు తగ్గాక మా యారాలు మక్తల్‌లో తమ్ముడి ఇంటికి పోయింది. దవాఖానలు బాగుపడ్డాయి, రోగి దగ్గర మనుషులు గుమిగూడకుండా వేళలు పెట్టారు, అదీ మంచిదే. రోజూ సాయంత్రం ఆమెకు ఫోను చేస్తాను. తమ్ముడి కోడలు వీడియో పెడితే ఆమె నవ్వు కనిపిస్తుంది, నా వైపు కాక ఎటో చూస్తూ మాట్లాడే ఆ కళ్ళూ కనిపిస్తాయి. ఆ అయిదు రోజులు ఆమె నా వెనకే ఉంది, ముఖం సరిగ్గా కనబడింది ఆఖరి పొద్దున ఒక్కసారే. అయినా అంత దగ్గరగా ఆమెను నేను మళ్ళీ ఎన్నడూ చూడలేదనిపిస్తుంది.