మా అక్కను దోషిని చేసిన పాటలు

మా అక్క కాదన్నది ఒక్కసారే. బోగోలులో మా వీధి చివర ఉండే దర్జీ, మంచి గొంతున్నవాడు, పెళ్ళి చేసుకుంటావా అని అడిగితే "నాకిష్టం లేదన్నా" అంది. అంతకు మించి వాళ్ళిద్దరి మధ్య ఏమీ లేదు. ఆ ఏడాదే అక్కకు పెళ్ళయి గూడూరు వెళ్ళిపోయింది.

అప్పటి సినిమా పాటల్లో ప్రేమ దక్కనివాడు తాగాల్సిందే. తాగి ఎంత తీయగా ఏడిస్తే అంత గొప్పవాడు. కాదన్న ఆడదానికి మాత్రం గుండె ఉండదు. కాఫీ హోటల్లో గ్రామఫోన్ మీద ఆ ప్లేట్లే తిరిగేవి. మద్యనిషేధం రోజులే అయినా నాటుసారాకు కరువు లేదు. దర్జీ పట్టపగలే తాగొచ్చి, హోటల్ ముందు బల్ల మీద కూర్చుని ఆ పాటలు అందుకునేవాడు. జనం కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వినేవారు. "పాపం, ఎంతగా ప్రేమించినాడో!" అనుకునేవారు.

అక్క తొలికాన్పుకు వచ్చింది. ఒక ఉదయం ఇద్దరం అంగడికి పోతుంటే, దర్జీ మమ్మల్ని చూసి గొంతు పెంచాడు. హోటలాయన అక్కతో, "చూడమ్మా, నీ వల్ల ఎట్లయిపోయినాడో" అన్నాడు.

నేను అక్క చెయ్యి పట్టుకుని లాగాను. అక్క కదల్లేదు.

"అన్నా, నీకు నేనెప్పుడన్నా మాటిచ్చినానా? అందరి ముందర చెప్పు."

దర్జీ పాట ఆపి తల దించుకున్నాడు.

"పోనీలేమ్మా, మనసిచ్చినోడికి బాధుండదా?" అన్నాడు హోటలాయన.

కొడుకును ఇంటికి తీసుకుపోదామని అప్పుడే వచ్చిన దర్జీ తల్లి ఆ మాట విన్నది.

"ఏం బాధయ్యా? ఈ బిడ్డను అడగకముందు రెండేళ్ళ నుంచీ తాగతానే ఉండాడు. వాడి తాగుడుకు నా చెవుల కమ్మలు ఎప్పుడు పోయినాయో మీకు తెల్దా? ఈ పాటలొచ్చినాక వాడికొక సాకు దొరికింది. మీకొక కథ దొరికింది. ఆ బిడ్డ వద్దన్న రోజు, పోనీలే బతికిపోయిందిలే అనుకున్నా నేను."

అక్క ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేసింది. ఇక ఊరికి బుద్ధి వచ్చిందనుకున్నాను. వారం తిరగకుండా మళ్ళీ అవే ప్లేట్లు, అదే బల్ల, అవే నిట్టూర్పులు.

రెండేళ్ళకు కాలేయం చెడి దర్జీ పోయాడు. శవం ఇంకా వాకిట్లో ఉండగానే ఒకావిడ, "ఆ పిల్ల ఒప్పుకొని ఉంటే బతికుండేవాడు" అంది. "ఒప్పుకొని ఉంటే మా అక్క కమ్మలు కూడా పోయేవి!" అని అరిచాను. మా అమ్మ నా జబ్బ పట్టుకుని ఇంటికి ఈడ్చుకొచ్చింది. చావింట్లో అరిచినందుకు నన్ను తిట్టారు. ఆ మాటన్న ఆవిడను ఒక్కరూ ఏమీ అనలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఆ తల్లి ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. చూపు ఆనకపోయినా ఊరివాళ్ళ రవికలకు కాజాలు కుట్టి పొట్ట పోసుకుంది. ఆమెను చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళు మాత్రం నాకు కనబడలేదు.